ఆకులు గ్రుచ్చు త్రాడు

మన పూర్వులు తాటియాకులపై గ్రంథములు వ్రాసి, ఆకులకు రంధ్రములు చేసి, త్రాటితో గ్రుచ్చి కట్టెడివారు. త్రాడు ఆకులోని విషయమును చదువదు; గ్రుచ్చిన వరుసను మాత్రము నిలుపును. కంప్యూటరులో విడివిడిగా నున్న వ్రాతఫైళ్ళను ఒక్కటిగా కూర్చుటకు అట్టి త్రాడే యొకటి కలదు. దాని పేరు ‘క్యాట్’. పిల్లికిని దీనికిని సంబంధము లేదు. గొలుసు అను నర్థముగల ‘కటేనా’ అను లాటిన్ పదమునుండి పుట్టిన ఇంగ్లీషు మాటకు ఇది సంక్షేపము.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్ వ్యవస్థను నిర్మించిరి. 1971 నవంబరు నాటి దాని తొలి వివరణగ్రంథములోనే ఈ ఆదేశము కలదు. అర్ధశతాబ్దము గడచినను లినక్స్, మాక్ యంత్రములలో నేటికిని ఇది పనిచేయుచున్నది.

వాడుక సులభము. క్యాట్ అని టైపు చేసి, కూర్పవలసిన ఫైళ్ళ పేర్లు వరుసగా వ్రాసి, కుడివైపునకు మొన తిరిగిన బాణపు గుర్తు నుంచి, దాని ప్రక్కన క్రొత్త ఫైలు పేరు వ్రాసిన చాలును.

ఆ ‘క్రొత్త’ అను మాటయే ముఖ్యము. మేమొకప్పుడు ఒక పుస్తకపు అధ్యాయములను కూర్పబోయి, ఫలితమునకు మొదటి అధ్యాయము పేరే పెట్టితిమి. ఆ అధ్యాయము మాయమయ్యెను. వేరొక ప్రతి లేదు. జ్ఞాపకము చేసికొని తిరిగి వ్రాయుటకు పది దినములు పట్టెను. తప్పు యంత్రముది కాదు. మన ఆదేశములను అందుకొను ‘షెల్’ అను ప్రోగ్రాము, బాణపు గుర్తును చూడగానే, క్యాట్ పని మొదలిడక మునుపే, ఆ పేరుగల ఫైలును ఖాళీ చేయును. క్యాట్ చదువబోవునప్పటికి అందు ఒక్క అక్షరమైనను మిగులదు. ఉన్న ఫైలు చివర మరియొకటి చేర్చవలెనన్నచో రెండు బాణపు గుర్తులు వరుసగా నుంచవలెను. అప్పుడు పాత విషయము నిలుచును.

రెండవది వరుస. నక్షత్రపు గుర్తుతో ఫైళ్ళన్నిటిని ఒక్కమారుగా పిలిచినచో, అవి సంఖ్యాక్రమమున గాక అక్షరక్రమమున వచ్చును. 10వ అధ్యాయము 2వ దానికంటె ముందు నిలుచును. 01, 02 అని పేర్లు పెట్టినచో ఈ చిక్కు లేదు.

మూడవది మన లిపికి సంబంధించినది. 1992లో థాంప్సన్, రాబ్ పైక్‌లు రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు వర్ణచిహ్నమునకు 3 బైట్లు పట్టును. క్యాట్ బైట్లను ఉన్నవి ఉన్నట్లు దింపునే గాని, లిపిని ఎరుగదు. ఒక ఫైలు ఈ పద్ధతిలోను, వేరొకటి పాత ఫాంటుల పద్ధతిలోను ఉన్నచో, కూర్పులో కొంత భాగము చదువరాకుండును. ముందుగా అన్నిటిని ఒకే పద్ధతికి మార్చుకొనవలెను.

కూర్పు ముగిసిన పిమ్మట క్రొత్త ఫైలును తెరచి, ప్రతి అధ్యాయము మొదలును తుదిని చూచుకొందము. అంతవరకు విడి ఫైళ్ళను తుడిచివేయకుందము. మన పెద్దలు ఆకు అంచున సంఖ్య వేసిన పిమ్మటనే త్రాడు గ్రుచ్చినది ఇట్టి జాగ్రత్తచేతనే.