స్విచ్చి చెప్పిన సాక్ష్యం



హిందూపురం, మడకశిర, కోలారు, బళ్ళారి వైపు నుంచి వింటున్న మీరంతా బడిలోనో, బ్యాంకులోనో గోడకు బిగించిన ఒక ఇనుప పెట్టెనూ, దానినిండా వైర్లనూ, మిణుకుమిణుకుమనే పచ్చదీపాలనూ చూసే ఉంటారు. దాన్ని నెట్‌వర్క్ స్విచ్చి అంటారు. మన ఇంట్లో దీపం స్విచ్చికీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. దాని లోపలి ఏర్పాటు ఎలా ఉందో చూడటం గురించి ఈరోజు చెబుతాను. అలా చూడకుండానే నేను ఒక పిల్లవాణ్ణి మందలించాను, అందుకని.

బెంగళూరులో నేను లెక్కలు చెప్పే బడిలో కంప్యూటర్ గది బాధ్యత కూడా నాదే. వైర్లు గుచ్చే చోట్లను పోర్టులంటారు. మా స్విచ్చికి అవి 24. ఆఫీసుకూ పిల్లల గదికీ స్విచ్చి ఒక్కటే. మరి పిల్లలు ఆఫీసు కాగితాలు చూడకుండా ఎలాగ? సత్రాన్ని ఊహించుకోండి. కప్పు ఒకటే, గదులు వేరు. ఒక గదిలో కేకేస్తే పక్కగదికి వినపడదు. స్విచ్చిలో ఇలాంటి గదులను వీలాన్‌లంటారు. గోడ కట్టనక్కర్లేదు, ఫలానా పోర్టు ఫలానా నంబరు గదిది అని స్విచ్చికి చెబితే చాలు. 1980లలో అమెరికాలో బెల్‌కోర్‌లో పనిచేసిన డేవిడ్ సిన్‌కోస్కీ చేసిన ఆలోచన ఇది. మా బడిలో ఆఫీసుది 10, పిల్లలది 20.

అర్ధసంవత్సర పరీక్షలకు ముందు, ఒక సోమవారం పొద్దున, పదో తరగతి కుర్రాడొకడు వచ్చి, "సార్, నా కంప్యూటర్లో ఆఫీసు ఫోల్డరు కనిపిస్తోంది" అన్నాడు. అందులో ప్రశ్నపత్రాలున్నాయి. దానికి పాస్‌వర్డు పెట్టకపోవడం మా తప్పు. కానీ నేను ఆ మాటే ఎత్తకుండా, "ఏం నొక్కావురా?" అని గద్దించి, హెడ్మాస్టరు దగ్గరికి తీసుకుపోయాను. తండ్రికి కబురు వెళ్ళింది. ఆయన ఆటో తోలుతాడు, మదనపల్లె వైపువాడు. ఒక పూట బాడుగ వదులుకుని వచ్చాడు. మా గుమాస్తా మాత్రం "స్విచ్చు ఎల్లా సరి ఇదె, మేష్ట్రే" అని తేల్చేశాడు. పచ్చదీపాలు వెలుగుతున్నాయిగా మరి!

మధ్యాహ్నం మెకానిక్కు వచ్చి, తన ల్యాప్‌టాప్‌ను స్విచ్చికి తగిలించాడు. "ముందు చూద్దాం సార్, ఏదీ మార్చొద్దు" అన్నాడు. సిస్కో తరహా స్విచ్చిల్లో 'షో' అని మొదలయ్యే ఆజ్ఞలు చూపిస్తాయే తప్ప దేన్నీ మార్చవు. వేరే రకాల్లో మాటలు వేరుగా ఉంటాయి. అతను 'షో వీలాన్ బ్రీఫ్' అని కొట్టగానే పట్టిక వచ్చింది. వీలాన్ నంబరు, పేరు, స్థితి, దానికిందున్న పోర్టులు. ఎవరూ ఏ గదికీ కేటాయించని పోర్టులు 1లో ఉంటాయి. కింద 1002 నుంచి 1005 దాకా మనం పెట్టని పేర్లు కనిపిస్తాయి. అవి పాతకాలపు నెట్‌వర్కుల కోసం ఉంచినవి, కంగారు పడకండి.

ఆ కుర్రాడి కంప్యూటరు వైరు 14వ పోర్టులో ఉంది. పట్టికలో 14 ఎక్కడుంది? 10 వరుసలో, ఆఫీసు గదిలో!

రెండు నెలల కిందట ఆ పోర్టును ఆఫీసు నుంచి పిల్లల గదికి మార్పించింది నేనే. మార్చినవారు సేవ్ చేయలేదు, చేశారా అని నేనూ అడగలేదు. మొన్న ఆదివారం కరెంటు చాలాసేపు పోయింది, యూపీఎస్ కూడా అడుగంటింది. కరెంటు వచ్చాక స్విచ్చి తన దగ్గర దాచుకున్న పాత రాతనే చదువుకుంది. మార్చిన రోజే 'షో రన్నింగ్ కాన్ఫిగ్', 'షో స్టార్టప్ కాన్ఫిగ్' రెండూ చూసి ఉంటే తేడా పట్టుబడేది. మొదటిది ఇప్పుడు నడుస్తున్నది, రెండోది రేపు లేచాక చదువుకునేది. కరెంటు కోతల సంగతి మీకు నేను చెప్పాలా?

ఇంకొకటి. ఆ పట్టికలో 24వ పోర్టు ఎక్కడా లేదు. చెడిపోయిందనుకుని వైరు లాగబోయాను, మెకానిక్కు నా చెయ్యి పట్టుకున్నాడు. అది ట్రంకు, మేడమీది స్విచ్చికి వెళ్ళే దారి. రెండు గదుల సరుకూ ఆ ఒక్క వైరు మీదే పోతుంది గనుక, బస్తాకు చీటీ కట్టినట్టు, వీలాన్ నంబరు వేసి పంపుతారు. ఆ చీటీ 4 బైట్లు. దాని పద్ధతి 802.1క్యూ అనే పేరుతో 1998లో ప్రమాణమైంది. ట్రంకులను చూడాలంటే 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్' అని వేరే అడగాలి. మొదటి పట్టికలో కనపడలేదని వైరు పీకకండి.

మర్నాడు ఆ తండ్రిని మళ్ళీ పిలిపించి, పట్టిక కాగితం చూపించి, తప్పు మాదేనని చెప్పాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "నిన్న దీన్ని చూడకుండానే నన్ను పిలిపించారా సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ప్రతి సోమవారం ఆ పట్టికను అచ్చు తీసి, స్విచ్చి పెట్టె తలుపు లోపల అంటిస్తున్నాం. పాత కాగితంతో పోల్చి చూసేది ఆ కుర్రాడే. పోయిన వారం 7వ పోర్టు తేడాగా ఉందని వచ్చి చెప్పాడు. ఈసారి ముందు వెళ్ళి చూశాను.