మొదటి గంట మన మొహల్లాదే

(విపత్తు సంసిద్ధతపై పాతబస్తీలో చేసిన ప్రసంగ పాఠం)



విపత్తు సంభవించిన తర్వాత చేసే సహాయంలో మన సమాజం ఎన్నడూ వెనుకబడలేదు. పొయ్యిల మీదికి దేగలు ఎక్కుతాయి, మస్జిదుల తలుపులు తెరుచుకుంటాయి, యువకులు నడుము లోతు నీళ్ళలోకి దిగుతారు. మరి విపత్తుకు ముందు చేయవలసిన పని మాటేమిటి? నేడు మీ ముందుంచదలచిన విషయం ఇదొక్కటే: మన సంసిద్ధత ఎంతో గల్లీ గల్లీలో మనమే కొలవాలి, ఆ కొలతను ఆధారంగా చూపి, మనకు రావలసిన రక్షణను హక్కుగా అడగాలి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి దాదాపు 15 వేల మందిని బలిగొన్నదని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు కథ మన పిల్లలకు తెలుసు. కుండపోత వానకు ఎగువనున్న చెరువులు తెగడం వల్లనే వరద అంత ఉగ్రరూపం దాల్చిందన్న సంగతి మాత్రం పెద్దలకు కూడా అంతగా తెలియదు. నాటి నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించి కారణాలను అధ్యయనం చేయించింది. ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మృతులను లెక్కించడంతో సరిపెట్టుకోక, కారణాన్ని కూడా వెదికినందువల్లనే నగరానికి ఆ రక్షణ దక్కింది.

అయితే పాతబస్తీకి దక్షిణాన ఉన్న చెరువుల నీరు ఆ జలాశయాల్లోకి చేరదు. 2020 అక్టోబరు 13న కురిసిన భారీ వర్షానికి పల్లె చెరువు నీరు అలీనగర్, అల్ జుబైల్ కాలనీలను ముంచెత్తింది. అలీనగర్‌లో ఒకే కుటుంబానికి చెందిన పలువురు కొట్టుకుపోయారు. నాలుగు రోజులకే బాలాపూర్ వద్ద గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ వీధులు ఏరులయ్యాయి. నూట పన్నెండేళ్ళ తర్వాత కూడా కారణం అదే: తెగిన చెరువు, మూసుకుపోయిన నాలా.

ఆనాడు ప్రభుత్వం ఇంటికి పది వేల రూపాయల సహాయం ప్రకటించింది. పంపిణీ మొదలైన కొద్ది రోజులకే, తమకు అందలేదంటూ బాధితులు రోడ్లెక్కారు. ఆ తర్వాత మీసేవా కేంద్రాల ముందు బారులు తీరారు. నవంబరులో ఎన్నికల సంఘం ఆదేశంతో అది కూడా నిలిచిపోయింది. ఏ గల్లీలో ఎన్ని కుటుంబాలున్నాయి, అద్దెకున్నవారెవరు, నీరు ఎంత ఎత్తుకు వచ్చింది అనే లెక్క ముందే మన చేతిలో ఉండి ఉంటే, నిజమైన బాధితుడి మాటను కాదనడం అంత సులభమయ్యేది కాదు.

మిత్రులారా, మన చేతిలో చట్టం ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకు ఒక ప్రణాళిక ఉండాలి. ముప్పున్న ప్రాంతాలేవో అందులో పేర్కొనాలి. ఏటా దానిని సమీక్షించి సవరించాలి. 61వ సెక్షన్ ప్రకారం సహాయం, పరిహారం అందించడంలో లింగం, కులం, వర్గం, వంశం, మతం ఆధారంగా వివక్ష చూపరాదు. 2025లో జరిగిన సవరణ రాష్ట్ర రాజధానులకు, మునిసిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకు ప్రత్యేక విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థలను ఏర్పాటు చేసే వీలు కల్పించింది. జిల్లా ప్రణాళికలో మన బస్తీ పేరు ఉందా, చివరిసారి దానిని ఎప్పుడు సవరించారు అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు.

అడిగే నోటికి నిజాయితీ కూడా కావాలి. చెరువు శిఖంలో ప్లాట్లు అమ్మినవారు, వాటిని చూసీ చూడనట్లు వదిలినవారు నేడు క్షేమంగా ఉన్నారు. కష్టార్జితంతో కొన్న పేదవాడు నీళ్ళలో ఉన్నాడు. రక్షణ పేరుతో అతనిని పునరావాసం లేకుండా వీధిలోకి నెట్టడాన్ని మనం వ్యతిరేకించాలి. అదే సమయంలో నాలాలో చెత్త వేస్తున్న చేతులను, ఇళ్ళ నడుమ మండే సరుకు నిల్వ చేస్తున్న గోదాములను మనమే ప్రశ్నించాలి.

ముప్పు నీటితోనే ఆగదు. 2025 మే 18 ఉదయం చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద ఒక పాత భవనంలో మంటలు చెలరేగి 17 మంది మరణించారు. వారిలో ఎనిమిది మంది చిన్నారులు. కింద దుకాణాలు, పైన నివాసం, లోపలికి ఒకే ఇరుకైన దారి. ఆ హిందూ కుటుంబాన్ని కాపాడాలని మొదట లోపలికి దూకినవారిలో పొరుగునున్న ముస్లిం యువకులున్నారు. వారి ధైర్యం మనకు గర్వకారణం. కాని పొగను ధైర్యం ఒక్కటే జయించలేదు. రెండో దారి, పనిచేసే మంటలార్పే సిలిండరు, కరెంటు ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి కావాలి. పాతబస్తీలో అటువంటి ఇళ్ళు ఇంకా ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

విపత్తు అల్లాహ్ నిర్ణయమైనప్పుడు ఈ లెక్కలెందుకని కొందరు అడుగుతారు. యూసుఫ్ (అలైహిస్సలాం) కరవు రానున్నదని తెలిసి ఏడేళ్ళపాటు ధాన్యం నిల్వ చేయించారు. ప్రయత్నం తవక్కుల్‌కు విరోధి కాదని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. మన పొరుగు దేశమైన బంగ్లాదేశ్‌లో 1970 నాటి తుపాను మూడు లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాత రెడ్ క్రెసెంట్ తోడ్పాటుతో తీర గ్రామాల్లో స్వచ్ఛంద సేవకులను తీర్చిదిద్దారు. జెండా ఎగరేసి, మెగాఫోన్‌లో పిలిచి, ఇంటింటికీ వెళ్ళి జనాన్ని తరలించడం వారి పని. 2007లో సిడ్ర్ తుపానులో మృతులు సుమారు 3,400. ఆశ్రయ కేంద్రాలు, ముందస్తు హెచ్చరికలతో పాటు ఆ మార్పు వెనుక ఊరి మనుషుల శిక్షణ ఉంది.

కనుక ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి బస్తీ సంఘం ఈ వర్షాకాలానికి ముందే కొన్ని పనులు పూర్తి చేయాలి. మంచం పట్టిన వృద్ధులు, గర్భిణులు, వికలాంగులు, డయాలసిస్ రోగులు ఏ ఇంట్లో ఉన్నారో జాబితా రాయాలి. ఈ పని మహిళలకు అప్పగించండి. ఇంటి లోపలి సంగతి వారికే తెలుస్తుంది. 2020లో నీరు వచ్చిన ఎత్తును గోడలపై గుర్తించాలి. ఒకే దారి ఉన్న భవనాలను, ఫైరింజను దూరలేని గల్లీలను పటంలో చూపాలి. ఎత్తైన చోటనున్న మస్జిద్, పాఠశాల, ఫంక్షన్ హాలు తాళాలు అర్ధరాత్రి ఎవరి వద్ద దొరుకుతాయో అందరికీ తెలియాలి. ఆధార్, రేషన్ కార్డు, అద్దె ఒప్పందాల నకళ్ళు ప్రతి ఇంట్లో తడవని సంచిలో ఉండాలి. ఏటా రెండుసార్లు మస్జిద్ మైకులో పిలుపునిచ్చి, చివరి వృద్ధురాలు సురక్షిత స్థలానికి చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారంతో కొలవాలి. ఆ నిమిషాలే మన సంసిద్ధతకు అసలైన లెక్క.

ఈ జాబితాలో గల్లీలోని ప్రతి ఇల్లూ, ఏ మతస్థులదైనా, ఉండి తీరాలి. వివక్ష వద్దని ప్రభుత్వాన్ని అడిగే మనం మన పుస్తకంలో దానికి చోటివ్వరాదు. పూర్తయిన జాబితా ప్రతిని కలెక్టరు కార్యాలయంలో, ఫైర్ స్టేషన్‌లో, మునిసిపల్ సర్కిల్ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు నీరు వచ్చినప్పుడు మాకు తెలియదనే అవకాశం ఆ రసీదు ఎవరికీ ఇవ్వదు.

అల్లాహ్ మన బస్తీలను కాపాడుగాక. ఆ దుఆతో పాటు ఒక నోటు పుస్తకం, ఒక కలం పట్టుకొని ఈ వారమే మీ గల్లీ మొదటి ఇంటి తలుపు తట్టండి. వస్సలాం.