డహావ్ మందుమొక్కల తోట

జర్మనీలో మ్యూనిక్ దగ్గరున్న డహావ్ నిర్బంధ శిబిరం చూసొచ్చినవాళ్లలో చాలామంది, రోడ్డు అవతలి తోట సంగతి ఎరగరు. నన్నడిగితే అదీ చూడాల్సిందే.

1938లో నాజీలు అక్కడి చిత్తడి నేలను ఖైదీల చేత బాగుచేయించి మందుమొక్కలు, మసాలా మొక్కలు వేయించడం మొదలుపెట్టారు. మందుల కోసం, మిరియాల కోసం పరాయి దేశాల మీద ఆధారపడకూడదన్నది ఎస్‌ఎస్ దళాల అధిపతి హిమ్లర్ పంతం. గ్లాడియోలస్ అంటే మనకు పెళ్లి బొకేలు గుర్తొస్తాయి. అక్కడ దాని ఆకులు ఎండబెట్టి, పొడికొట్టి విటమిన్ సి కోసం వాడారు. పండించిన ఖైదీలకు మాత్రం కడుపు నిండేది కాదు. యూదులు, పోలండ్ నుంచి పట్టుకొచ్చిన క్యాథలిక్ గురువులు వానలో, చలిలో వంచిన నడుం ఎత్తకుండా చాకిరీ చేశారు. ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

విడ్డూరం ఏమిటంటే, అక్కడ జనానికి మొక్కలూ పూలూ అమ్మే దుకాణం కూడా ఉండేది! 1944లో యోసెఫా మాక్ అనే యువతి కొనడానికి వచ్చినట్టే వచ్చి, ఖైదీలకు ఉత్తరాలు, తిండి, మందులు గుట్టుగా చేరవేసింది.

ఆ పొలాల్లో చాలా భాగం ఇప్పుడు వ్యాపార సంస్థల షెడ్ల కిందికి పోయింది. కొన్ని పాత భవనాలు, గ్రీన్‌హౌసుల ఆనవాళ్లు మిగిలాయి. శిబిరం నుంచి నడిచే వెళ్లొచ్చు.