ఎంసీబీ ఎందుకు పడుతోంది?
(జహనుమా మహిళా సంఘాల వార్షిక సమావేశంలో జీవనోపాధుల ఉపసంఘం ప్రసంగ పాఠం)



పొదుపులు, అప్పుల లెక్కలు విన్నాం. ఆ అప్పుతో కొన్న మిషన్లను నడిపించే కరెంటు డబ్బా గురించి ఇప్పుడు నాలుగు మాటలు చెబుతాం. జహనుమాలో మనలో చాలామందికి ఇల్లే కార్ఖానా. వంట, కుట్టు, ఇస్త్రీ అన్నీ ఒకే డబ్బా మీద నడుస్తాయి. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్‌హౌజ్‌లో ఒక ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. షార్ట్ సర్క్యూట్ వల్లే అని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. అందుకే ఈ ముచ్చట.

ఎంసీబీ మన కాపలాదారు. అది ఎప్పుడు పడిందో గమనిస్తే ఎందుకు పడిందో సగం తెలిసిపోతుంది.

ఎత్తగానే టప్పున పడితే షార్ట్ అయినట్టు. ఆ లైనులో ప్లగ్గులన్నీ తీసి, ఒక్కసారి ఎత్తి చూడాలి. నిలబడితే తప్పు ఏదో ఒక సామానులో ఉంది. మళ్ళీ పడితే వైరింగులో ఉంది. ఇక ఎత్తొద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

కాసేపు నడిచి పడితే లోడు ఎక్కువైనట్టు. లెక్క చూడండి: గీజరు 2000 వాట్లు, ఇండక్షన్ పొయ్యి 2000, రెండు ఇస్త్రీ పెట్టెలు 2000. మొత్తం 6000. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే 26 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంత మోయలేదు. దాని స్థానంలో 32ది పెడితే పడటం ఆగుతుంది గానీ గోడలో వైరు పాతదే కదా! అప్పుడు ఎంసీబీ పడదు, వైరు కాలుతుంది. ఫ్యూజులో లావు తీగ చుట్టినా అంతే.

ఆర్‌సీసీబీ పడితే కరెంటు ఎక్కడో లీకవుతున్నట్టు. వానాకాలం గోడ తడిసినప్పుడు, గీజరు పాడైనప్పుడు ఇలా అవుతుంది. ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీని ఎత్తి, ఒక్కొక్క ఎంసీబీనీ ఎత్తుతూ పోవాలి. ఏది ఎత్తితే పడిందో ఆ లైనులోనే తప్పు. అన్నీ దించినా నిలబడకపోతే ఎలక్ట్రీషియన్ పనే. ఆర్‌సీసీబీని తీసేసి డైరెక్టు కలపమని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే పడి ప్రాణం కాపాడే సాధనం అది.

అన్నిటికన్నా భయపడాల్సింది ఏమీ పడని తప్పుకు. స్క్రూ లూజైతే ఆ జాయింటు దగ్గర వేడి పుడుతుంది, ఎంసీబీకి మాత్రం తెలియదు. మన ముక్కు, చెవి, కన్నే చెప్పాలి: కాలిన ప్లాస్టిక్ వాసన, జుయ్యిమనే చప్పుడు, గోధుమరంగుకు తిరిగిన స్విచ్చు. వీటిలో ఏది కనిపించినా మెయిన్ దించాలి. ఒక గదిలో లైటు మరీ ఎక్కువగా వెలిగి, ఇంకో గదిలో గుడ్డిగా ఉంటే న్యూట్రల్ వదులైనట్టు. వెంటనే మెయిన్ దించి 1912కు ఫోన్ చేయాలి.

ఒక హద్దు పెట్టుకుందాం. చూడటం, వినడం, స్విచ్చులు ఎత్తడం, దించడం మన పని. డబ్బా మూత విప్పడం మన పని కాదు. మెయిన్ దించినా మీటరు నుంచి మెయిన్‌దాకా వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది. గల్లీలో మూత లేని డబ్బాను ముట్టొద్దు, పిల్లల్ని పోనియ్యొద్దు, 1912కు చెప్పాలి. మంట లేస్తే నీళ్ళు చల్లొద్దు. అందరూ బయటికొచ్చి 101కి ఫోన్ చేయాలి.

చివరిగా మా విన్నపాలు మూడు. ఏ ఎంసీబీ ఏ గదిదో కాగితం మీద రాసి ప్రతి ఇంట్లో డబ్బా పక్కన అంటించాలి. వైరింగు మరమ్మతుకూ గ్రూపు అప్పు ఇవ్వాలని సమాఖ్య తీర్మానం చేయాలి. కిరాయి ఇల్లయితే ఓనరుతో ఒక్కరమే మాట్లాడి ఊరుకోకుండా గ్రూపు నుంచి నలుగురం కలిసి వెళ్దాం. మిషన్ కిస్తీ ఎంత శ్రద్ధగా కడుతున్నామో, డబ్బానూ అంతే శ్రద్ధగా చూసుకుందాం.