ఓర్పు లేనిచోట యథార్థత నిలవదు
(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



యథార్థత, ఓర్పు అనే రెండు మాటలూ ఆదివారం ఆరాధనలో మనం తరచు వింటూనే వుంటాం. వింటాం, బాగుందని తల ఊపుతాం, ఇంటికొచ్చి అన్నం వార్చే వేళకి మరచిపోతాం. ఇవి పెద్ద పెద్ద భక్తులకు చెందిన గుణాలనీ, పొద్దున్నే పాలవాడి పిలుపుతో మొదలై రాత్రి వంటిల్లు సర్దుకోవడంతో ముగిసే మన దినచర్యకి వాటితో అంత పని లేదనీ అనుకుంటాం. నిజానికి యీ గుణాలు అలవడేదీ, చెడేదీ కూడా వంటింట్లోనే, వాకిట్లోనే.

తీరిక దొరికినప్పుడు కొత్త నిబంధనలో యాకోబు పత్రిక అయిదో అధ్యాయం తెరచి చూడండి. ఇరవై వచనాలే. కాఫీ చల్లారేలోగా చదివేయవచ్చు. అందులో యాకోబు మొదట యెవరిని మందలిస్తున్నాడు? పొలంలో కోత కోసిన కూలివాళ్ళకు కూలి ఇవ్వకుండా బిగబట్టిన ధనవంతుల్ని. ఆ వెంటనే తొలకరి వాన కోసం, కడవరి వాన కోసం కనిపెట్టుకొని వుండే రైతును చూపించి, అలా ఓర్చుకోమంటాడు. తరువాత యోబును తలుచుకుంటాడు. ఆ మరుక్షణమే ఒట్లు పెట్టుకోవద్దనీ, మన మాట ఒట్టు అవసరం లేకుండానే నిలబడాలనీ చెబుతాడు. చూశారా? ఒకసారి నిజాయితీ, ఒకసారి ఓర్పు, మళ్ళీ నిజాయితీ. జడ అల్లినప్పుడు పాయ మీద పాయ వేసినట్టు రెండింటినీ కలిపి అల్లాడు.

ఎందుకంటారా? మనం ఆడే అబద్ధాల్లో చాలా భాగం దుర్మార్గం వల్ల పుట్టవు, తొందర వల్ల పుడతాయి. చందాలవాళ్ళు గుమ్మంలోకి వస్తే నాలుగు మాటలు చెప్పి పంపే ఓపిక వుండదు. “నాన్నగారు ఇంట్లో లేరని చెప్పరా” అంటాం పిల్లవాడితో. వాడు చెప్పేస్తాడు. ఆ సాయంత్రమే బడిలో వచ్చిన మార్కుల గురించి వాడు మనకి అబద్ధం చెబితే చెవి మెలిపెడతాం. పాఠం చెప్పింది మనమేనని గుర్తుండదు. చంటిపిల్ల యేడుస్తుంటే “ఊరుకో, సాయంత్రం బొమ్మ కొంటాను” అంటాం. కొనం. పిల్లలు మరచిపోతారనుకోవడం మన భ్రమ.

ఇక కూలి మాటకొద్దాం. మనకు కోతలూ లేవు, కూలివాళ్ళూ లేరు కదా అనకండి. మన ఇంట్లో గిన్నెలు తోమే మనిషి వుంది. ఒకటో తారీఖు దాటి అయిదో తారీఖు వస్తుంది. “రేపు ఇస్తాలే” అంటాం. మనకది చిన్న మాట. ఆమెకు అది ఆ పూట బియ్యం. ఆమె పగలగొట్టిన కప్పుకు జీతంలో కోత వేసే చెయ్యి, పండక్కి చేసిన అదనపు పనికి మాత్రం లెక్క చూడదు. దినకూలివాడి కూలి తెల్లవారే దాకా మీ దగ్గర వుంచుకోవద్దని మోషే ధర్మశాస్త్రం యేనాడో చెప్పింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళం వేసుకొనే చీటీ సంగతీ అంతే. ముందు పాడుకున్నవాళ్ళు తరువాతి నెలల డబ్బు కూడా చెప్పిన రోజుకే కట్టాలి. మాట ఇచ్చాక నష్టం వచ్చినా మాట తప్పనివాడే దేవుని గుడారంలో వుండదగినవాడని పదిహేనో కీర్తన భావం.

ఈ రెండు గుణాలూ కలిసి పనిచేస్తే యేమవుతుందో మన తెలుగునాట చరిత్రలోనే వుంది. అమెరికన్ బాప్టిస్టులు 1836 లో తెలుగు దేశానికి వచ్చి, 1840 లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళ తరబడి పని చేసినా విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఈ మిషన్ మూసేద్దామని అమెరికాలో 1853 లో చర్చ కూడా జరిగింది. పటంలో ఒంటరి చుక్కలా వుంది గనుక దీనికి లోన్ స్టార్ మిషన్ అని పేరు పడింది. ఆ మరుసటి ఏడు, 1854 జనవరి ఒకటో తేదీ తెల్లవారుజామున, ఒంగోలు కొండ మీదికి అయిదుగురు ఎక్కి ప్రార్థన చేశారు. వారిలో లైమన్ జ్యూయెట్ గారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు. ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు, జూలియా, రూతు. అంటే అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళే! ఒంగోలుకి ఒక మనిషిని పంపమని వేడుకున్నారు. ఆ మనిషి వచ్చింది పన్నెండేళ్ళకు, 1866 లో. ఆయనే జాన్ క్లౌ.

క్లౌ దంపతుల దగ్గరకు మొదట్లో పై కులాలవారు కూడా ఆసక్తిగా వచ్చేవారు. అంతలో మాదిగవారు విశ్వసించి వచ్చారు. వీళ్ళను చేర్చుకుంటే మేం రామని పై కులాలవారు చెప్పేశారు. పెద్దవాళ్ళ ఆదరణ పోతుందని తెలిసీ క్లౌ గారు, ఆయన భార్య హారియట్ బీదవాళ్ళను వదులుకోలేదు. యథార్థత అంటే ఇదీ. లాభం వున్న చోట నిజం పలకడం అందరూ చేస్తారు. నష్టం వచ్చే చోట పలకడమే కష్టం.

అసలు పరీక్ష 1876-78 నాటి మహా కరువులో వచ్చింది. క్లౌ గారికి సర్వే పని తెలుసు. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని కంట్రాక్టుకి తీసుకొని, ఆకలితో వున్నవాళ్ళకు పని కల్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని యెంతోమంది అడిగారు. లెక్క పెంచుకోవాలంటే అంతకన్న మంచి అదను దొరకదు. ఆయన మాత్రం ఏడాదికి పైగా యెవ్వరికీ ఇవ్వలేదు. కూడు కోసం చేరారన్న మాట వారికీ రాకూడదు, దేవునికీ రాకూడదనుకున్నారు. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3 న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు తెలుగు బోధకులే. కొండ మీద ప్రార్థన జరిగి అప్పటికి ఇరవైనాలుగేళ్ళు! ఆయన తొందరపడి వుంటే సంఖ్య ముందే వచ్చేది గాని, దాన్ని యెవరూ నమ్మేవారు కాదు.

ఇక్కడొక మాట జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఓర్పు పేరు చెప్పి ఆడవాళ్ళ నోరు నొక్కేయడం మన ఇళ్ళలో పరిపాటి. తాగొచ్చి కొట్టే భర్తను భరించడం, కట్నం కోసం వేధించే అత్తవారింట్లో కుమిలిపోవడం ఓర్పు కాదు. యాకోబు ఓర్చుకోమన్నాడు సరే, కాని ఆ మాటకు ముందే కూలి యెగ్గొట్టినవాళ్ళను పేరుపెట్టి తిట్టినంత పని చేశాడు. యోబు ఓర్చుకున్నాడు గాని, చెయ్యని తప్పు చేశానని మాత్రం ఒప్పుకోలేదు. ఫిలిప్పీలో పౌలును అన్యాయంగా కొట్టి చెరలో వేసి, తెల్లారాక చాటుగా వెళ్ళిపొమ్మంటే ఆయన వెళ్ళలేదు. అధికారులే వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. అన్యాయాన్ని అన్యాయమని చెప్పడం కూడా యథార్థతే. ఫలితం కోసం, మనుషులు మారడం కోసం, మనం మారడం కోసం ఎదురుచూడటమే ఓర్పు. రైతు వాన కోసం చూస్తూ చేతులు ముడుచుకు కూర్చోడు. కలుపు తీస్తాడు, గట్టు వేస్తాడు.

మరి వీటిని అలవరచుకోవడం యెలా? ఒక్కసారిగా రావు. తోడేసిన పాలు పెరుగు కావాలన్నా ఒక రాత్రి పడుతుంది. మాటివ్వబోయే ముందు ఒక్క క్షణం ఆగండి, చెయ్యగలమో లేదో చూసుకోండి. చెయ్యలేకపోతే లేదని మర్యాదగా చెప్పండి. జీతాలు, బాకీలు, చీటీలు ఏ రోజువి ఆ రోజే తీర్చండి. కూరలమ్మి చిల్లర ఎక్కువ ఇస్తే పిల్లల ఎదుటే తిరిగి ఇవ్వండి. పది ప్రసంగాలకంటే అది యెక్కువ బోధిస్తుంది. పిల్లవాడు తప్పు ఒప్పుకొని వస్తే ఆ నిజం చెప్పినందుకు వాణ్ణి కొట్టకండి. కొడితే మరోసారి నిజం చెప్పడు. ఇక్కడ కూడా మీ ఓర్పే వాడి యథార్థతకు నీళ్ళు పోస్తుంది.

కొండ మీద ప్రార్థించిన ఆ స్త్రీలకు ఇరవైనాలుగేళ్ళ తరువాతి సంగతి తెలియదు. ఆ రోజు తమ వంతు పని చేసి కొండ దిగారంతే. మనం కూడా ఈ పూట మన వంతు చేద్దాం. పనిమనిషి జీతం మీ దగ్గర ఇంకా వుండిపోయిందేమో, ఒకసారి చూసుకోండి.

సెలవు.