రసీదు లేని అర్జీ
(తిరుపతి పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



స్వరాజ్యమనగా జెండా యెగురుట మాత్రమే కాదు. కచ్చేరీ కిటికీ ముందు నిలిచిన పేదరైతు "అయ్యగారు దయచేయవలె" నని చేతులు జోడింపక, "నా పత్రము నాకిండు" అని తలయెత్తి యడుగగలిగిననాడే అది పూర్ణమగును. ఈ సాయంకాలము మేము మీకు విన్నవింపదలచిన విషయ మిదియొక్కటియే.

మన సీమలో నేల కదలదు గాని కచ్చేరీలు కదలుచుండును. మదనపల్లె తాలూకా పూర్వము కడప జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడగా ఇందు చేరెను. 2022 ఏప్రిలు 4వ తేదీన అన్నమయ్య జిల్లాలో కలిసెను. ఆ దినముననే తిరుపతియు ప్రత్యేక జిల్లా యయ్యెను. అంతకు ముందు, 1984లో, కరణముల పదవులు రద్దయ్యెను. ఇట్టి ప్రతి మార్పునందును గ్రామముల లెక్కలు చేతులు మారుచునే వచ్చినవి. తుదకు 2024 జులై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయము అగ్నికాహుతియై దస్త్రములు కాలిపోయెను. దస్త్రము కాలిననాడు రైతునకు దిక్కేది? తనయింటి పెట్టెలోని ధ్రువీకృతమైన నకలు, అర్జీ ముట్టినదను రసీదు, ఇవియే.

ప్రభుత్వము చేసిన మేలును మేము కాదనము. 2011 నవంబరులో మీసేవ మన చిత్తూరు జిల్లాలోనే ప్రారంభమయ్యెను. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ, వార్డు సచివాలయములు వెలసెను. 2025 జనవరి 30వ తేదీనుండి వాట్సాప్ మూలముననే సేవలు పొందు వీలును కలిగెను. యంత్రము మారినది గాని మనలోని జంకు మారలేదు. శ్రీవారి దర్శనమునకే సిఫారసు లేఖలు వెదకు అలవాటు గల మనము, ఆదాయ ధ్రువపత్రమునకు దళారిని వెదకుటలో వింతయేమున్నది?

చట్టము మన పక్షముననే యున్నది. మరణమును 21 దినములలో తెలుపవలెను. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఆజ్ఞ కావలసివచ్చును. భర్తను కోల్పోయిన నిరుపేదరాలు ఆ దుఃఖములో ఈ గడువు నెట్లెరుగును? పత్రము లేనిదే పింఛను లేదు. ఇరుగుపొరుగువారు చెప్పవలదా? రిజిస్ట్రారు కార్యాలయములోని దస్తావేజు నకలును, నిర్ణీత రుసుము చెల్లించి పొందు హక్కును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమే యిచ్చినది. అర్జీ యేమైనదో తెలియనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ప్రశ్నింపవచ్చును. మన రాష్ట్రమున దీనికి గ్రామస్థాయిని రుసుమే లేదు. మండలస్థాయిని 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 దినములలో ఉత్తర మీయవలెను. ఈయనిచో పై యధికారికి అప్పీలు కలదు.

"ఇంత నిలదీసినచో గుమాస్తాకు కోపము వచ్చి పని చెడదా?" యని కొందరందురు. గుమాస్తా పరాయివాడు కాడు, మన బిడ్డయే. వాని బల్లపై కట్టలు కట్టలుగా కాగితములు పడియున్నవి. తేదీయు, సంఖ్యయు గల రసీదు అర్జీదారునకెంత రక్షయో, నీతిగల గుమాస్తాకును అంతే రక్ష. వరుస తప్పించుమని పైనుండి ఒత్తిడి వచ్చినప్పుడు వానికి చూపుటకు ఆ సంఖ్యయే యున్నది. రసీదునకు జంకువాడు లంచమునకు అలవాటుపడినవాడే.

కావున మా మనవి ఇది. ఈ పఠనమందిరమున ప్రతి ఆదివారము ఒక బల్ల వేయుదము. వ్రాయనేర్చినవారు వ్రాయనేరనివారికి అర్జీలు వ్రాసిపెట్టుదురు గాక, దమ్మిడీ పుచ్చుకొనరాదు. ప్రతి అర్జీ తేదీని ఒక పుస్తకమున కెక్కించి, గడువు మీరినవానికి సమాచార హక్కు దరఖాస్తు పంపుదము. వకీళ్లమైన మేమును వంతులవారీగా వచ్చి కూర్చుందుము. రసీదు లేనిదే యే కాగితమును కిటికీ లోపలికి విడువకుడు. ఈ నియమమును మీరు రేపటినుండియే పాటింపవలెనని ప్రార్థించుచున్నాము.