కార్ఖానాల్లో అగ్ని ప్రమాదాలు: ముందే చేసుకోవలసిన ఏర్పాట్లు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పేదింటి పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకుంటున్నాం. ఈసారి మనకు అన్నం పెట్టే చోటు గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం. మనలో చాలామందికి జీవనాధారం చిన్న చిన్న కార్ఖానాలే గదా. పరుపులు కుట్టేవారున్నారు, దర్జీలున్నారు, వెల్డింగు పనివారు, మోటారు మెకానిక్కులు, బేకరీలవారు, తుక్కు వ్యాపారులు, దావతులకు దేగులెక్కించే వంటవారు ఉన్నారు. దూదో, నూనో, గ్యాసో, కరెంటో లేని పని వీటిలో ఒక్కటీ లేదు.

నిప్పు అంటుకోవడం తక్దీరు, మన చేతిలో ఏముంది అనేవారు మనలో లేకపోలేదు. ముందు ఒంటెను కట్టి, తరువాత అల్లాహ్ మీద భరోసా ఉంచమని ప్రవక్త (స) చెప్పిన సంగతి పిల్లలకు కూడా తెలుసు. రాత్రి పడుకోబోయే ముందు ఇంట్లో నిప్పు ఆర్పమని కూడా వారు ఆదేశించారు. కాబట్టి జాగ్రత్తపడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. అందులో అది మొదటి మెట్టు.

జరిగిన సంగతులు చూద్దాం. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాదు బోయిగూడలో ఒక తుక్కు గోదాము అంటుకున్నది. పైగదిలో నిద్రపోతున్న 11 మంది బీహారు కూలీలు చనిపోయారు. కిందికి దిగడానికి వారికున్నది గోదాము లోపలి మెట్ల దారి ఒక్కటే. 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో పొగకు ఊపిరాడక ఉద్యోగాలు చేసుకునే ఆరుగురు యువతీయువకులు పోయారు. అదే ఏడు నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు ఉన్న భవనంలో 9 మంది మరణించారు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన ఇల్లు ఉన్న పాత కట్టడంలో పసిపిల్లలతో సహా 17 మంది పోయారు. లోపలికి వెళ్ళే దారి చాలా ఇరుకు.

వీటిలో మనం గుర్తించవలసినది ఏమంటే, మనుషుల్ని మంటకంటె ముందు పొగ చంపుతుంది. బయటికి పోయే దారి ఒక్కటే అయి, అదీ సరుకు మధ్య నుంచి పోతే, ఎంత బలమైన మనిషైనా ఏమీ చేయలేడు. మరి మన గోదాముల్లో, మన షెడ్లలో రెండో దారి ఎన్నింటికి ఉన్నది?

ఇక చెప్పడానికి కష్టమైన మాట ఒకటి ఉంది. రాత్రి పూట పనికుర్రాళ్ళను లోపల పడుకోబెట్టి, బయట షట్టరు దించి తాళం వేసే అలవాటు మన వ్యాపారాల్లో ఉన్నది. సరుకుకు కాపలా అని సేఠ్‌లు అంటారు. గది అద్దె మిగులుతుందని కుర్రాళ్ళూ ఒప్పుకుంటారు. ఇద్దరి మాటా అబద్ధం కాదు. అయినా 1911 మార్చి 25న న్యూయార్కు నగరంలో ట్రయాంగిల్ అనే బట్టల కార్ఖానాలో 146 మంది చనిపోయారంటే, వారిలో ఎక్కువమంది కుట్టుపని చేసే ఆడపిల్లలే అంటే, అక్కడ ఒక మెట్ల తలుపుకు తాళం వేసి ఉండటం ముఖ్య కారణం. దొంగతనం జరగకూడదనే ఆ తాళం. సరుకు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. కన్నవాళ్ళు నమ్మి పంపిన కుర్రవాడు మన దగ్గర అమానత్. రేపు వాళ్ళమ్మకు ఏమని జవాబు చెబుతాం?

చట్టం లేదా అంటే ఉన్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 38వ సెక్షనే ప్రతి కార్మికుడికీ తప్పించుకునే దారి తెలిసి ఉండాలని, తగిన శిక్షణ ఇవ్వాలని చెప్పింది. కాని కరెంటుతో నడిచే చోట 10 మంది, లేని చోట 20 మంది ఉంటేనే ఆ చట్టం లెక్కలో అది ఫ్యాక్టరీ అయ్యేది. 2020 నాటి కోడ్ ఆ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. నలుగురైదుగురు పనిచేసే మన షెడ్లు ఆ లెక్కకు అందవు. ఇన్‌స్పెక్టరు రాడు గనుక మన ఏర్పాటు మనమే చేసుకోవాలి.

అది పెద్ద ఖర్చు కాదు. మొదటిది దారి. లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే గడియ పెట్టండి. మెట్ల మీద, గుమ్మాల్లో సరుకు పేర్చవద్దు. రెండోది, ఎవరి పని ఏమిటో ముందే చెప్పి ఉంచండి. కేక వేసేదెవరు, మెయిన్ స్విచ్ కట్టేసేదెవరు, 101కి గాని 112కి గాని ఫోను చేసేదెవరు, వీధి మొగలో నిలబడి ఫైరింజనుకు దారి చూపేదెవరు? మూడోది, బయట అందరూ చేరే చోటు ఒకటి. అక్కడ తలలు లెక్కపెట్టాలి. ఒకడు తగ్గితే ఫైరు వారికి చెప్పాలి గాని, మళ్ళీ లోపలికి ఉరకకూడదు. మూడు నెలలకొకసారి లైట్లు ఆర్పి అందరూ బయటికి వచ్చి చూడండి. పది నిమిషాల పని.

నిప్పు ఆర్పే సిలిండరు కొని గోడకు తగిలిస్తే చాలదు. పిన్ను లాగాలి, గొట్టం మంట మొదటికి గురిపెట్టాలి, నొక్కాలి, అటూ ఇటూ తిప్పాలి. చిన్న సిలిండరు అరనిమిషం లోపే ఖాళీ అవుతుంది. అందుకని మంట చెత్తబుట్టంత ఉన్నప్పుడే ప్రయత్నించాలి. అదీ తలుపు మన వీపు వెనుక ఉండేట్టు నిలబడి. అంతకు మించితే బయటపడటమే తెలివి.

కరెంటు మంట మీద, కాగిన నూనె మీద నీళ్ళు పోయవద్దు. బాణలి అంటుకుంటే స్టవ్ కట్టేసి మూత పెట్టాలి. దూది పైపైన ఆరినట్లు కనబడి లోపల రాజుకుంటూనే ఉంటుంది. వెల్డింగు చేశాక కనీసం అరగంట, వీలైతే గంట, ఒక మనిషి ఆ చోటు కనిపెట్టి ఉండాలి. వంట గ్యాసు గాలికంటె బరువు గనుక నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్చి వేయడం, తీయడం రెండూ వద్దు. రెగ్యులేటరు కట్టేసి తలుపులు తెరవండి. పొగలో చిక్కితే వంగి, పాకి రండి. ఒళ్ళు కాలితే చల్లని నీళ్ళ ధార కింద ఇరవై నిమిషాలు ఉంచండి. సిరా, పేస్టు పూయవద్దు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవం జరుగుతుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో దూది బేళ్ళు, పేలుడు సామాను కలిపి మోసుకొచ్చిన ఓడ అంటుకుని పేలినప్పుడు ప్రాణాలు విడిచిన 66 మంది ఫైరు సిబ్బంది జ్ఞాపకార్థం అది. ఆ వారంలో ఫైరు స్టేషను వారిని మన వీధికి పిలుద్దాం. సేఠ్‌లు, వస్తాదులు, కుర్రాళ్ళు అందరూ సిలిండరు చేతపట్టి నేర్చుకుందాం.

సభ ముందు మా విన్నపాలు రెండే. ఇకమీదట ఏ సభ్యుడి కార్ఖానాలోనూ మనిషి లోపల ఉండగా బయట తాళం పడకూడదని తీర్మానం చేద్దాం. కుర్రాళ్ళు పడుకోవడానికి నాలుగు దుకాణాలవారు కలిసి ఒక గది అద్దెకు తీసుకునే ఏర్పాటు కూడా చేద్దాం. తల్లులకు ఒక మాట. మీ అబ్బాయిని పనిలో పెట్టేటప్పుడు జీతం ఎంతని అడుగుతారు గదా, రెండో దారి ఎక్కడుందో, రాత్రి ఎక్కడ పడుకుంటాడో కూడా అడగండి. అడగడం మీ హక్కు.

అల్లాహ్ మన ఇళ్ళను, పనిచోట్లను, మన దగ్గర పనిచేసే బిడ్డలను కాపాడుగాక. ఆమీన్.